సర్కారు బాకీ

1986లో చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రము ప్రేలిన పిమ్మట, సర్కారు పిలుపుపై అచ్చట పనిచేసి ఆరోగ్యము చెడిన యొక రష్యా పౌరుడు 1997లో పరిహారపు డిక్రీ పొందెను. నిధులు లేవని సర్కారు ఏండ్లతరబడి సొమ్ము బిగబట్టెను. ధనాభావము సాకు కానేరదని, తీర్పును అమలుపఱుపకుండుట హక్కుల భంగమేయని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2002లో నిర్ణయించెను. ఆ పౌరునికే సర్కారు మరల బకాయిపడగా, ఇది వ్యవస్థాదోషమని 2009లో తేల్చి, బాధితులకు పరిహారమార్గ మేర్పఱుపుమని రష్యాను శాసించెను. 2010లో చట్టము వచ్చెను. 2022లో రష్యా ప్రజలకు ఆ న్యాయస్థానపు తలుపే మూతపడెను.

ఇది పరుల గోడని యూరకుండరాదు. మన సివిలు ప్రొసీజరు కోడు 82వ సెక్షను ప్రకారము సర్కారుపై డిక్రీ అమలునకు మూడు నెలలు ఆగవలెను. గడువు నోర్తుము, ఎగవేత నోర్వము. శిస్తు బకాయికి రైతు సొత్తును జప్తుచేయు సర్కారు తన బాకీకి వాయిదాలు చెప్పుట ధర్మమా?