వరద తగ్గాక గోడల ఖర్చు

2017 ఆగస్టులో హార్వీ తుపాను అమెరికాలో టెక్సస్‌లోని హ్యూస్టన్‌ను ముంచెత్తింది. నీరు తీశాక వీధుల పక్కన గోడ పలకలు గుట్టలు పడ్డాయి. అక్కడి ఇళ్లలో లోపలి గోడలు ఎక్కువగా డ్రైవాల్‌వే: రెండు కాగితాల మధ్య జిప్సం. అది నీటిని పైకి పీల్చుకుంటుంది, ఒకటి రెండు రోజుల్లోనే బూజు పట్టవచ్చు. అందుకే అడుగు నీరొచ్చినా తరచూ నాలుగడుగుల ఎత్తు దాకా కోసేస్తారు. పలక వెడల్పు అంతే మరి. పలక ఖరీదు తక్కువే. కూల్చడం, చెత్త మోయించడం, తడిసిన ఇన్సులేషన్ మార్చడం, చెక్క చట్రం ఆరబెట్టడం, అతుకులు పూడ్చి రంగు వేయడం, డబ్బులో ఎక్కువ భాగం ఈ పనులకే. అక్కడ మామూలు ఇంటి బీమా వరద నష్టానికి పరిహారం ఇవ్వదు. ప్రభుత్వ వరద బీమా విడిగా కొనాలి. సాధారణంగా 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. టెక్సస్‌లో మీ పిల్లలుంటే, తుపానుల కాలం జూన్ 1న మొదలవుతుంది కనుక ఏప్రిల్‌లోనే తీసుకోమని చెప్పండి.