కరువు ఎవరి మీద తీర్పు?

నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హామ్ కాలువ మీకు తెలిసిందే. 1876–78 నాటి కరువులో ఆ కాలువ తవ్వకం ఎందరికో కూడు పెట్టింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలువ పనిలో కొంత కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కూలీల్లో చాలామంది మాదిగలు.

మరి ఆ కరువు దేవుడి తీర్పేనా? పాపానికి శిక్షేనా? బైబిలు అంత తేలిగ్గా ఒప్పుకోదు. సిలోయములో గోపురం కూలి చనిపోయినవాళ్లు మిగతావాళ్లకన్నా పాపులు కారని యేసు చెప్పాడు. జలప్రళయం తర్వాత నోవహుతో దేవుడు చేసిన నిబంధన సకల ప్రాణులకూ వర్తిస్తుంది. అందులో షరతు లేదు. ఇక మత్తయి సువార్తలో అంతిమ తీర్పు చూడండి. అక్కడ అడిగేది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా అనే. అంటే తీర్పు ఆకలిగొన్నవాడి మీద కాదు, గాదెలు నిండినవాడి మీద!

ఆ కూలీలు గంజి కోసం మతం మారారు కదా అంటారు కొందరు. అడగాల్సిన ప్రశ్నే. కరువు ఉధృతంగా ఉన్నన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నానికి విశ్వాసం వెల కాకూడదనే. అందరి మనసులోనూ ఏ ఆశా లేదనలేం, మనసు ఎవరికి కనబడుతుంది? కానీ కరుణకు షరతు పెట్టలేదన్నది నిజం. 1878 జూలై 3న, ఒంగోలుకు దగ్గర్లో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.