అడవి చిత్రములకు అంతర్జాలపు పెట్టె

మారేడుమిల్లిలో జలతరంగిణి జలపాతము చెంత, నీటితుంపరల నడుమ తీసిన ఛాయాచిత్రము, చేతిఫోను జారి రాళ్ళపై పడిన క్షణముననే అంతరింపవచ్చునని యెఱిగి, దాని ప్రతిని అంతర్జాలమున దాచుకొనగోరువారు ముందుగా విచారింపవలసినది వెలను గాదు, నియమములను. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుండి అపరిమితమగు ఉచిత నిల్వను మాన్పినది. నేటి ఉచితమగు 15 జీబీలలో జీమెయిల్ ఉత్తరములకును వాటా కలదు. ఐక్లౌడ్ 5 జీబీలతో సరిపెట్టును. గూగుల్ ఫోటోస్‌లోని 'స్టోరేజ్ సేవర్' అను ఎంపిక చిత్రమును కుదించును గనుక, బొంగులో చికెన్ పొగసైతము స్పష్టముగా నుండవలెనను నావంటి చాదస్తులకు 'ఒరిజినల్ క్వాలిటీ'యే శరణ్యము.

మారేడుమిల్లి-చింతూరు ఘాట్ రోడ్డున సిగ్నలు దొరకుటయే గగనము. కావున వైఫై తగిలినచోట చిత్రములన్నియు ఎక్కినవో లేదో చూచుకొని గాని ఫోను ఖాళీచేయరాదు. ఫోనులో చెరిపినది అంతర్జాలమునను చెరిగిపోవు సేవలు పెక్కులు. పొరపడినచో, గూగుల్ ఫోటోస్‌లో ఎక్కిన చిత్రము చెత్తబుట్టలో 60 దినములు వేచియుండును.