వెళ్ళి, వెనక్కి వస్తే అక్కడే ఉంటామా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వృత్తికి సంబంధించి ఏదైనా చెప్పమన్నారు. నేను లైబ్రరీలు రాస్తాను. మన బడిలో బీరువాలకు తాళం వేసి ఉండేది కాదండీ, ఇతర ప్రోగ్రామర్లు వాడుకునే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ.

కంప్యూటర్లో ప్రతి ఫైలుకూ ఒక దారి, అంటే పాత్, ఉంటుంది. ఫోల్డర్ల పేర్ల మధ్య ఏటవాలు గీత పెట్టి రాస్తాం. ఒక్క చుక్క పెడితే 'ఇక్కడే', రెండు చుక్కలు పెడితే 'ఒక మెట్టు వెనక్కి'. ఒకే చోటికి దారి పది రకాలుగా రాయవచ్చు కనుక, దాన్ని శుభ్రం చేసి ఒక పద్ధతిలో పెట్టడాన్ని నార్మలైజేషన్ అంటారు. చిక్కంతా ఆ రెండు చుక్కల దగ్గరే.

మన పదో తరగతి 'బి' సెక్షన్‌ను కొత్త భవనానికి మార్చినప్పుడు పాత తలుపు మీద కాగితం అంటించారు, గుర్తుందా? ఆ రోజుల్లో మాస్టారు, "పదో తరగతికి వెళ్ళి, బయటికొచ్చి, వరండా చివరి గదిలో ఈ రిజిస్టరు ఇచ్చి రా" అన్నారనుకోండి. తెలివైన కుర్రాడు, 'వెళ్ళడం, బయటికి రావడం దండగ' అని ఆ రెండూ కొట్టేసి పాత వరండా చివరికే పోతాడు. అక్కడుండేది సామాన్ల గది. మాట విన్నవాడు కొత్త భవనం వరండాలో తేలతాడు. కంప్యూటర్లో ఆ తలుపు మీది కాగితాన్ని సింబాలిక్ లింక్ అంటారు.

నేనూ ఆ తెలివైన కుర్రాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత ఫైళ్ళు తుడిచే ప్రోగ్రామ్ రాశాను. నేను వాడిన లైబ్రరీ దారిని కాగితం మీదే కుదించేసింది. ప్రోగ్రామ్ వేరే ఫోల్డర్‌కు వెళ్ళి ఒక సహోద్యోగి వారం రోజుల పని తుడిచేసింది. సగమే తిరిగి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

పైథాన్ భాషలో నార్మ్‌పాత్ అనే సాధనం ఇలాగే అక్షరాలను మాత్రమే చూస్తుంది. లింకులుంటే అర్థం మారిపోవచ్చని దాని వివరణలోనే రాసి ఉంది. తర్వాత వచ్చిన పాత్‌లిబ్ ఒక్క చుక్కల్ని, అదనపు గీతల్ని తీసేస్తుంది కానీ రెండు చుక్కల్ని ముట్టుకోదు. నిజంగా ఎక్కడికి చేరతామో కావాలంటే రిజాల్వ్ అని విడిగా అడగాలి, అప్పుడు డిస్కు చూసి చెబుతుంది. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది. అక్షరాలు దిద్దే పనికి ఒక పేరు, చోటు కనుక్కునే పనికి ఇంకో పేరు ఉండాలి. రెంటినీ ఒకే పేరు కింద అమ్మకూడదు.

దీనికి ఎదురువాదమూ ఉంది. ప్లాన్ 9 అనే వ్యవస్థలో రాబ్ పైక్ బృందం, మనిషి ఏ పేరుతో లోపలికి వెళ్ళాడో వ్యవస్థే గుర్తుపెట్టుకుని ఆ దారినే వెనక్కి తెచ్చేలా చేసింది. 2000లో ఆయన దాని మీద పత్రం కూడా రాశారు. బాగుంది, కానీ అది ఇల్లు కట్టేవాడి చేతిలో పని. అద్దెకుండే లైబ్రరీ గోడలు మార్చలేదు.

ఇక మన తెలుగు సంగతి. ఈ సంచిక కోసం ఫొటోలు పోగుచేస్తుంటే సర్వర్లో 'హైస్కూలు' అనే ఫోల్డర్ రెండుసార్లు కనబడింది. ఒకటి మనం టైపు చేసింది, ఐత్వం ఒకే గుర్తు. రెండోది ఒక మిత్రుడి పాత మ్యాక్ నుంచి వచ్చింది. ఆ ఫైలు వ్యవస్థ ఐత్వాన్ని ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా విడదీసి దాస్తుంది. కంటికి ఒకటే, లినక్స్ సర్వర్‌కు రెండు. లైబ్రరీ తనంతట తాను ఒక పేరును దిద్దితే రెండో ఫోల్డర్ ఉండీ దొరకదు. పోల్చేటప్పుడు ఒకటిగా చూడనివ్వండి, పేరు మాత్రం మార్చకూడదు.

అందుకే రెంటినీ కలపకుండా అలాగే ఉంచాను. మిత్రుడి ఫోల్డర్లో 'బి' సెక్షన్ గ్రూపు ఫొటో ఉంది. వెనక వరుసలో ఇద్దరిని ఎవరూ పోల్చుకోలేకపోయారు. టీ విరామంలో లాప్‌టాప్ బయట బల్ల మీద పెడతాను, మాస్టారూ, మీరొకసారి చూడాలి.