అబ్దుల్ హమీద్ గారి ఇల్లు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఏడాది సమావేశంలో పరమవీర చక్ర అబ్దుల్ హమీద్ గారి గురించి మాట్లాడాలని నిర్ణయించుకున్నాం. ఆయన పేరు వినని వారు ఇక్కడ ఉండరు. పాటన్ ట్యాంకులను పేల్చిన వీరుడని పిల్లలు కూడా చెబుతారు. అయితే ఈరోజు ఆయన గురించే కాక ఆయన ఇంటి గురించి కూడా చెప్పాలనుకుంటున్నాం. యుద్ధభూమిలో ఆయన చేసిన పని మూడు రోజులది. ఆ తర్వాత ఆయన భార్య రసూలన్ బీబీ మోసిన బరువు దాదాపు 54 ఏళ్లది. ఆ మూడు రోజుల గురించి చాలామంది చెప్పారు. ఈ 54 ఏళ్ల గురించి చెప్పేవారు తక్కువ.

ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో 1933 జూలై 1న అబ్దుల్ హమీద్ గారు పుట్టారు. తండ్రి మహమ్మద్ ఉస్మాన్ దర్జీ. తల్లి సకీనా బేగం. కొడుకు కూడా కుట్టుపనే నేర్చుకున్నాడు. కుస్తీ అన్నా, గురిపెట్టి కొట్టడమన్నా ఆయనకు ఇష్టమని ఊరివారు చెప్పుకునేవారు. ఆ ఇంట్లో భూములు లేవు, పెద్ద ఉద్యోగాలు లేవు. అలాంటి ఇంటి నుంచి 1954 డిసెంబర్ 27న ఆయన సైన్యంలో చేరారు. గ్రెనేడియర్స్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్‌లో ఆయనకు చోటు దొరికింది. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు ఆ బెటాలియన్ ఈశాన్య సరిహద్దులో నామ్‌కా చూ నది దగ్గర ఉంది. ఓటమి తర్వాత చుట్టుముట్టిన శత్రువును తప్పించుకుని, భూటాన్ మీదుగా కాలినడకన తిరిగివచ్చిన వారిలో ఆయన ఉన్నారు. అంటే 1965 నాటికి ఆయన కొత్త సిపాయి కాదు. యుద్ధం ఎలా ఉంటుందో, ఇల్లు ఎంత దూరంలో ఉంటుందో తెలిసిన మనిషి.

1965లో ఆయన హోదా కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. జవాన్లకు తిండి, బట్టలు, బూట్లు, తూటాలు సమయానికి అందేలా చూసే బాధ్యత అది. కానీ జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ పేల్చడంలో ఆయనకు మంచి గురి ఉంది. అందుకే ఆ గన్ల దళాన్ని నడిపే పని ఆయనకు అప్పగించారు.

ఆ గన్ గురించి ఒక మాట తెలిస్తే ఆయన ధైర్యం ఎలాంటిదో అర్థమవుతుంది. అది పేలినప్పుడు వెనుక వైపు నుంచి పెద్ద మంట, దుమ్ము లేస్తాయి. ఎక్కడి నుంచి పేల్చారో శత్రువుకు ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. కాబట్టి ఒక్క దెబ్బ కొట్టి వెంటనే చోటు మార్చాలి. జీపుకు ఉక్కు కవచం ఏదీ ఉండదు. ఎదురుగా ఉన్నవి అమెరికా తయారుచేసిన పాటన్ ట్యాంకులు.

పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ ప్రాంతం, భిఖీవిండ్ రోడ్డు మీద చీమా గ్రామం. సెప్టెంబర్ 8 నుంచి ఆయన దళం అక్కడ ట్యాంకులను ఎదుర్కొంది. 10వ తేదీ ఉదయం 8 గంటలకు పాకిస్తాన్ సైన్యం ముందు ఫిరంగి గుళ్ల వాన కురిపించి, ఆ వెనుకే ట్యాంకులతో దాడి చేసింది. హమీద్ గారు తన జీపును పక్కకు తీసుకువెళ్లి ముందు వస్తున్న ట్యాంకును పేల్చారు. చోటు మార్చి మరొక దాన్ని పేల్చారు. అప్పటికే శత్రువు ఆయనను గుర్తించి మెషిన్ గన్లు, ఫిరంగులు ఆయన వైపే తిప్పాడు. ఆయన పేలుస్తూనే ఉండగా ఒక గుండు వచ్చి తగిలింది. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. మొత్తం ఎన్ని ట్యాంకులన్నది ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాశారు. ఆ లెక్కతో ఆయన గొప్పతనం పెరగదు, తరగదు. పట్టుబడిన పాటన్ ట్యాంకులను యుద్ధం తర్వాత ఒకచోట వరుసగా నిలబెడితే, ఆ స్థలానికి జనం పాటన్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. హమీద్ గారి సమాధి ఆ యుద్ధం జరిగిన అసల్ ఉత్తర్ నేల మీదే ఉంది.

ఇక ఇంటి సంగతి. 1966 జనవరి 26న ఢిల్లీలో రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పరమవీర చక్రను రసూలన్ బీబీ చేతికి అందించారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఆ పెద్దమనిషి చేతుల మీదుగా, ఒక దర్జీ ఇంటి కోడలు దేశంలోకెల్లా పెద్ద సైనిక గౌరవాన్ని అందుకున్నది. ఆ పతకం బంగారం కాదు, వెండి కాదు. ఊదారంగు రిబ్బన్‌కు కట్టిన చిన్న కంచు బిళ్ల. సభ ముగిశాక ఆ బిళ్లతో ఆమె ధాముపూర్‌కు తిరిగివెళ్లింది. ఇంట్లో తండ్రి లేని ఐదుగురు పిల్లలు ఉన్నారు, నలుగురు కొడుకులు, ఒక కూతురు.

ఇక్కడి నుంచి ఆమె కథకు ఫిరంగుల చప్పుడు లేదు, కాబట్టి వినేవారు తగ్గారు. పిల్లలను పెంచాలి, చదివించాలి, పెళ్లిళ్లు చేయాలి. పైగా వీరుడి భార్య కనుక ఇంకొక బాధ్యత కూడా ఆమె మీద పడింది. భర్త పేరు మరుగున పడకుండా చూసుకోవడం. 2008లో ముసలితనంలో ఆమె రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ గారిని కలిసింది. భర్త ఇంటిని స్మారకంగా చేయాలని, ఊళ్లో సైనిక భర్తీ కేంద్రం పెట్టాలని, వర్ధంతిని దేశస్థాయిలో జరపాలని, మనవళ్లకు ఉద్యోగాలు ఇప్పించాలని అడిగింది. ఆ కోరికల జాబితాను ఒకసారి ఆలోచించి చూడండి. అందులో తన కోసం ఒక్కటీ లేదు. 2017 సెప్టెంబర్ 10న సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ గారు ఆ జిల్లాకు వచ్చి నివాళులర్పించిన రోజున ఆమె అక్కడే ఉంది. 2019 ఆగస్టు 2న కన్నుమూసింది.

ఆమె పోయాక కూడా ఆ పని ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో ధాముపూర్ బడికి రంగులు వేసినప్పుడు గేటు మీద హమీద్ గారి పేరు తీసి మరొక పేరు రాశారు. కుటుంబం వారు అభ్యంతరం చెప్పారు. విషయం బయటికి వచ్చాక ఆ పేరును మళ్లీ రాశారు. గాజీపూర్‌లో గంగ మీది వంతెనకు ఆయన పేరుంది, 2000 సంవత్సరంలో తపాలా బిళ్ల వచ్చింది. అయినా సొంత ఊరి బడి గేటు మీద పేరు నిలవడానికి ఇంటివారు మాట్లాడవలసి వచ్చింది.

కొందరు అబ్దుల్ హమీద్ గారి పేరును ముస్లింల దేశభక్తికి సాక్ష్యంగా సభల్లో ఎత్తిచూపుతారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆయన ఎవరికో ధ్రువపత్రం ఇప్పించడానికి ప్రాణం ఇవ్వలేదు. తన కంపెనీని, తన వెనుక ఉన్న రోడ్డును కాపాడటానికి ఇచ్చాడు. ఆయనను గౌరవించదలిస్తే, అలా పోయినవారి ఇళ్లకు మనం ఏం చేస్తున్నామన్న ప్రశ్న వేసుకోవడం మేలని మా అభిప్రాయం.

ఇందులో సొసైటీ చేయగల పని స్పష్టంగా ఉంది. సైనికుడు పోయినప్పుడు ప్రభుత్వం ఇచ్చే పింఛను, పిల్లల చదువుకు సాయం వంటివి ఉన్నాయి. యుద్ధంలో మరణించిన వారి భార్యకు చివరి జీతంతో సమానమైన ఉదార కుటుంబ పింఛను వస్తుంది. అయితే ఆ ఇంటి ఆడమనిషికి దాకా అవి చేరడానికి కాగితాలు అడ్డం పడతాయి. సైనికుడి పెళ్లి, పిల్లల పుట్టుక సైనిక రికార్డులో పార్ట్ టూ ఆర్డర్ ద్వారా ఎక్కి ఉండాలి. మన ఇళ్లలో ఒకే మనిషి రేషన్ కార్డులో బీ, ఆధార్‌లో బేగం, నిఖానామాలో బీబీ అవుతుంది. ఆ ఒక్క మాట తేడాతో నెలల తరబడి తిరగవలసి వస్తుంది. ఇంట్లో మగదిక్కు పోయి, ఇద్దత్‌లో ఉన్న మనిషి ఆఫీసుల చుట్టూ ఎలా తిరుగుతుంది?

అందుకే ఈ సభలో మూడు విన్నపాలు చేస్తున్నాం. మీ ఊళ్లలో సైన్యంలో ఉన్న కుర్రాళ్లుంటే, సెలవుకు వచ్చినప్పుడే భార్య పేరు, పిల్లల పేర్లు అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోమని చెప్పండి. సైనిక వితంతువు ఎవరైనా ఉంటే, ఆమె ఏ మతం వారైనా సరే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడుగా వెళ్లండి, అర్జీ రాసిపెట్టండి. తెలంగాణలో వీటిని ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయాలంటారు. ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినం వస్తుంది. ఆ రోజు వసూలయ్యే విరాళాలు ఇటువంటి కుటుంబాలకు కూడా చేరతాయి. మన సభ్యులు అందులో చేయి వేయాలి.

రసూలన్ బీబీ రాష్ట్రపతి దగ్గరకు వెళ్లి అడగగలిగింది. ఆమె పేరు దేశానికి తెలుసు కాబట్టి తలుపు తెరిచారు. పతకం రాని సిపాయి భార్యకు ఆ తలుపు తెలియదు. ఆమెకు దగ్గరలో ఉన్నది మనమే.

 ఖుదా హాఫిజ్. జైహింద్.