గడప దాటకుండానే సంఘీభావం



సంఘీభావమంటే ఊరేగింపు, జెండా, నినాదం అని మనలో అనేకులు తలుస్తారు. వీధిలోకి రావడానికే వీలులేని రోజున సంఘీభావం ఏ రూపం దాల్చాలి అన్న ప్రశ్నను 2020 సంవత్సరం కార్మికలోకం ముందుంచింది. ఆ ప్రశ్నను నేడు మరల పరిశీలించవలసి ఉన్నది. మహమ్మారి తగ్గుముఖం పట్టింది గాని, జాతి వివక్ష తగ్గుముఖం పట్టలేదు.

2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి పౌరుని మెడపై ఒక పోలీసు అధికారి తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు అదిమి, ప్రాణం తీశాడు. దేశమంతటా నిరసన పెల్లుబికింది. అప్పటికి కరోనా ఉధృతంగా ఉన్నది. వృద్ధులు, వ్యాధిగ్రస్తులు గుంపుల్లోకి రాలేని స్థితి. అయినా వారిలో అనేకులు ఊరకుండలేదు. అరెస్టయినవారి జామీను నిధులకు చందాలు పంపారు. ప్రజాప్రతినిధులకు ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. ఇంట్లో పిల్లలకు బానిసత్వపు చరిత్ర బోధించారు.

అయితే ఇంటిపట్టున ఉండగల భాగ్యం అందరికీ దక్కలేదు. బస్సు నడిపేవారు, ఉత్తరాలు బట్వాడా చేసేవారు, ఆసుపత్రులు ఊడ్చేవారు పనికి పోక తప్పలేదు. అమెరికాలో ఇట్టి పనుల్లో నల్లజాతివారి పాలు ఎక్కువ. కరోనా మరణాల్లోనూ వారి పాలు ఎక్కువే. న్యూయార్కు నగర రవాణా సంస్థలో తొలి కొద్ది నెలల్లోనే 100 మందికి పైగా ఉద్యోగులు మరణించారు. లాక్‌డౌన్‌లో గూడ్సు రైళ్లు నడిపిన మనకు, మందుల పార్సెళ్లు ఇంటింటికీ చేర్చిన మనకు ఈ బాధ వివరించనక్కరలేదు.

పనిలో ఉన్నవారు తమ పనినే ఆయుధం చేసుకున్నారు. అరెస్టయిన నిరసనకారులను పోలీసుల కోసం తరలించబోమని మినియాపొలిస్ బస్సు డ్రైవర్లు ప్రకటించారు. జూన్ 19న పశ్చిమ తీరపు 29 రేవుల్లో ఓడరేవు కార్మికులు 8 గంటలపాటు పని నిలిపివేశారు.

రైల్వే కార్మికులకు ఇది పరాయి చరిత్ర కాదు. పుల్‌మన్ స్లీపరు బోగీల్లో పనిచేసే నల్లజాతి పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సంఘం స్థాపించుకొని, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించేవరకు పోరాడారు. ఆ సంఘీయుడైన ఇ. డి. నిక్సన్, 1955లో మొదలైన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణకు ప్రధాన నిర్మాతల్లో ఒకరు. అక్కడి నల్లజాతి ప్రజలు 381 రోజులు బస్సెక్కకుండా నిలిచి గెలిచారు.

తపాలా ఉద్యోగులు గుర్తుంచుకోదగిన సంగతి మరొకటి ఉన్నది. 1946లో డాక్టర్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్‌కు లేఖ రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు సమర్పించిన విన్నపపత్రం ప్రతులు కోరుతూ, వారి స్థితికీ అస్పృశ్యుల స్థితికీ గల పోలికను ప్రస్తావించారు. డుబాయిస్ ఆదరంతో బదులిచ్చారు. ఆ ఉత్తరాలను సముద్రాలు దాటించి చేర్చినవారు మనవంటి తపాలా ఉద్యోగులే.

ఇక మన ఇంటి సంగతి. బిడ్డలు అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు నేడు అనేకం. దేశాలవారీ కోటాల పద్ధతిని రద్దుచేసి మనవారికి ఆ తలుపు తెరిచిన 1965 నాటి వలస చట్టం, నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం తెచ్చిన మార్పుల్లో భాగంగానే వచ్చింది. ఆ పోరాట ఫలం అనుభవిస్తూ, ఫోనులో నల్లజాతి పొరుగువారిని గురించి చులకనగా మాట్లాడడం కృతఘ్నత. పెళ్లిచూపుల్లో పిల్ల రంగును ఎంచుతూ, వాకిలి ఊడ్చే మనిషికి వేరే గ్లాసు పెడుతూ మినియాపొలిస్ ఘోరాన్ని ఖండిస్తే ఆ ఖండనకు విలువ ఏమున్నది?

కావున ప్రతి శాఖా సంఘం ఈ చరిత్రను ఒక సమావేశంలో చర్చించాలని, కులం పేరిట గాని, రంగు పేరిట గాని తోటి ఉద్యోగిని అవమానిస్తే సంఘమే ముందుకు వచ్చి అతని పక్షాన నిలవాలని కోరుతున్నాము. అంతకు ముందు ప్రతి సభ్యుడూ తన ఇంట్లో ఆ వేరే గ్లాసును తీసివేయాలి. దానికి ఏ ఊరేగింపూ అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.