చల్లటి గంటలు ఎవరివి?

(మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటినుంచీ ఈ సభలో గృహహింస గురించి, భూమి పట్టాల గురించి, పనిచోట వేధింపుల గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నేను లేచి పరుగు గురించి, అందులోనూ పరుగుకి అనువైన వాతావరణం గురించి మాట్లాడతానంటే వెనక వరసలో కొందరు నవ్వారు. నవ్వండి, ఫర్వాలేదు. ఆరోగ్య సలహాలు ఇవ్వడానికి మాత్రం రాలేదు. రోజులో చల్లగా ఉండే గంటలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నదే నా ప్రశ్న.

నేను హైదరాబాదులో ఖాజాగూడ గుట్టల మీద పరుగెత్తుతాను. మేం ఆరుగురం. ఒకరు నర్సు, ఒకామె టిఫిన్ బండి నడుపుతుంది, ఒకామె నాలుగిళ్లల్లో పని చేస్తుంది, మిగిలిన ముగ్గురం టీచర్లం. తారు రోడ్డు మీద కాకుండా రాళ్లమధ్య, పొదలమధ్య కాలిబాటల్లో పరుగెత్తడాన్ని ట్రెయిల్ రన్నింగ్ అంటున్నారు. పేరు కొత్తది కానీ పని కొత్తది కాదు. కట్టెల మోపుతో, నీళ్ల బిందెతో గుట్టలెక్కి దిగిన ఆడవాళ్లకి ఎవరూ ఆ పేరు పెట్టలేదు, పతకాలూ ఇవ్వలేదు. ఆ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. పొడిగా ఉన్నప్పుడు చెప్పు కింద గట్టిగా పట్టునిస్తాయి. వాన పడి పాచి పట్టాయంటే నూనె రాసినట్టు జారతాయి. ఎండాకాలంలో పగలంతా వేడిని తాగి, సాయంత్రం ఏడుకి కూడా వదుల్తూనే ఉంటాయి. అందుకే పరుగుకి సాయంత్రంకన్నా తెల్లవారుజాము మేలు.

పరుగెత్తేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ముప్పావు వంతు వేడిగా మారుతుంది. చెమట ఆరితేనే ఆ వేడిలో ఎక్కువభాగం బయటికి పోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే కానీ ఆరదు. విశాఖ బీచి రోడ్డులో 27 డిగ్రీలకే ఆయాసం ఎందుకొస్తుందో, ఇక్కడ పొడిగాలిలో అదే 27 ఎందుకు భరించగలమో దీన్నిబట్టి తెలుస్తుంది. దూరం పరుగుకి 5 నుంచి 10 డిగ్రీల చలి బాగుంటుందంటారు. మనకి అది దొరకదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 13, 15 డిగ్రీలుంటే అదే మన భాగ్యం. మే నెలలో తెల్లారేసరికే 26, 27 ఉంటుంది. ఎనిమిదికల్లా పరుగు మానుకోవాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడుంది. డిసెంబరులో హైదరాబాదులో సూర్యుడు ఉదయించేది ఆరు నలభై ప్రాంతంలో. అంటే చల్లటి గంటలన్నీ చీకటి గంటలు. మగవాళ్లు ఐదింటికి తలకి లైటు కట్టుకుని బయల్దేరతారు. మరి ఆడది ఐదింటికి ఒంటరిగా గేటు తీస్తే వాచ్‌మన్‌నుంచి వీధి చివర టీకొట్టుదాకా అందరూ అడిగేవాళ్లే. ఆ వేళకి వెలుగు లేకపోవడం ఒక అడ్డు అయితే, ఆ గంటే వంటింటిది కావడం ఇంకో అడ్డు. పాలు కాచాలి, నల్లా వస్తే నీళ్లు పట్టాలి, డబ్బాలు కట్టాలి. 2019లో కేంద్రప్రభుత్వం చేయించిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. అదీ ఆ పని అసలు చేసేవాళ్ల లెక్క. మూడుగంటలకి పైగా తేడా! గుట్ట చుట్టి ఇంటికి రావడానికి నాకు పట్టేది గంట.

నిజానికి రాత్రికీ ఆడవాళ్లకీ మధ్య గీత గీసింది వీధి ఒక్కటే కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడునుంచి ఉదయం ఆరుదాకా ఆడవాళ్లని పనిలో పెట్టకూడదంది. రక్షణ పేరుతోనే అంది. 1977లో ఇంగ్లండులో లీడ్స్ ప్రాంతంలో వరస హత్యలు జరుగుతుంటే చీకటి పడ్డాక బయటికి రావద్దని పోలీసులు ఆడవాళ్లకే చెప్పారు. ఆ నవంబరులో ఆడవాళ్లు కాగడాలు పట్టుకుని రాత్రిపూట ఊరేగింపు తీశారు. ప్రమాదం తెచ్చేది ఒకరైతే కర్ఫ్యూ ఇంకొకరికి ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. మన ఇళ్లలోనూ ఈ కర్ఫ్యూ ఉంది. కాకపోతే ప్రేమగా విధిస్తారు.

బట్టల సంగతీ చెప్పాలి. చెమట ఆరాలంటే గాలి తగలాలి. 30 డిగ్రీల్లో సల్వారు, మోకాళ్లదాకా కమీజు, పైన పిన్నులు పెట్టిన చున్నీ వేసుకుని గుట్ట ఎక్కమంటే ఒంట్లో పుట్టిన వేడి ఎటు పోవాలి? మా నర్సు స్నేహితురాలు ఒకటే మాటంది: "చున్నీ తీసేస్తే చూపులు, తీయకపోతే వడదెబ్బ." తల తిరిగినా, మాట తడబడినా, చెప్పేది అర్థంకాకపోయినా వెంటనే నీడకి తీసుకెళ్లి ఒళ్లంతా తడిపి విసరాలని, ఆస్పత్రికి చేర్చాలని మా ఆరుగురికీ నేర్పింది ఆమే. ఎండలు ముదిరేటప్పుడు శరీరం అలవాటుపడ్డానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దూరం తగ్గించుకోవాలి. ఇది ఇంటిపనికి, పొలంపనికి కూడా వర్తిస్తుంది.

చూపులు దాటి ఎవరైనా వెంటపడితే అది నేరం. 2013లో శిక్షాస్మృతిలో చేర్చిన ఈ నేరం ఇప్పుడు భారతీయ న్యాయసంహిత 78వ సెక్షన్‌లో ఉంది. మొదటిసారి రుజువైతే మూడేళ్లదాకా జైలు. బూతుమాటలకి, సైగలకి 79వ సెక్షన్. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, జీరో ఎఫ్.ఐ.ఆర్. రాయాల్సిందే. చట్టం ఉంది. అయితే ఫిర్యాదు చేసిన అమ్మాయికి ఇంట్లో మొదట దొరికే తీర్పు "రేపట్నుంచి వెళ్లకు" అని. నేరం చేసినవాడు మర్నాడు కూడా అదే బాటలో నడుస్తాడు.

ఆడవాళ్ల ఒంటికి దూరం పరుగు పడదని పెద్దవాళ్లు చాలాకాలం చెప్పారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 800 మీటర్లు పెట్టి, అలసిపోయి పడిపోయారని పత్రికలు గోలచేస్తే తీసేశారు. అది తిరిగొచ్చింది 1960లో. 1967లో బోస్టన్ మారథాన్‌కి కాథరిన్ స్విట్జర్ పొడి అక్షరాలతో పేరిచ్చింది. ఆ రోజు మంచువాన, ఎముకలు కొరికే చలి. అందరూ ముతక బట్టల్లో ఉండటంతో మొదట్లో నిర్వాహకులు గుర్తుపట్టలేదు. చలి కూడా ఆడదానికి ఒక్కోసారి అలా సాయం చేస్తుంది! తర్వాత నిర్వాహకుడొకడు మీదపడి నంబరు చింపబోయాడు. ఆమె పూర్తిచేసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లోగానీ రాలేదు. 2019 జనవరిలో జాస్మిన్ పారిస్ అనే ఆమె బ్రిటన్‌లో 268 మైళ్ల కొండబాట పందెంలో మగవాళ్లందరినీ దాటి 83 గంటల 12 నిమిషాల్లో చేరింది. నడిశీతాకాలం, పగటికన్నా రాత్రే ఎక్కువ. దారిలో ఆగినచోట్ల చనుబాలు పిండింది.

మంచి పరుగు వాతావరణం ఏదని నన్నడిగితే మగ మిత్రుల్లాగా డిసెంబరు అనను. మాకు ఆగస్టు మంచిది. మబ్బు కమ్మి ఉంటుంది, పడమటి గాలి వీస్తుంది, ఎనిమిదింటికీ 24 డిగ్రీలే. పిల్లల్ని బడికి పంపాక కూడా గుట్ట మనకోసం చల్లగానే ఉంటుంది, పైగా వెలుగుంటుంది. రాళ్లు జారతాయి నిజమే, కాస్త మెల్లగా దిగుతాం. మా టిఫిన్ బండి ఆవిడ బేరం ముగించుకుని తొమ్మిదికి వచ్చేది ఆ రోజుల్లోనే. కానీ ఏడాదికి రెండునెలలు మబ్బు ఇచ్చే దయమీద బతకాలా?

అందుకని ఒక వినతిపత్రం రాశాం. గుట్ట మీద లైట్లు అడగలేదు. అక్కడ గుడ్లగూబలు, పాములు ఉన్నాయి, వాటి రాత్రి వాటికి కావాలి. గుట్టకి చేరే రోడ్డు మీద లైట్లు వెలగాలని, పార్కుల్లో, మైదానాల్లో ఆడవాళ్ల మరుగుదొడ్లు తెల్లవారుజామునే తెరవాలని, మొదటి బస్సు ఇంకా ముందు కదలాలని అడిగాం. 2023 డిసెంబరునుంచి తెలంగాణలో బస్సులో మనకి టిక్కెట్టు లేదు, సంతోషం. కానీ మా కాలనీ వైపు ఆ వేళకి బస్సే దొరకదు. ఇంట్లో ఆ గంట పాలు కాచేది ఎవరన్నది మాత్రం ఏ ఆఫీసుకీ రాసేది కాదు. అది ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాలి. మా ఇంట్లో తేలడానికి రెండేళ్లు పట్టింది, ఇప్పటికీ పొయ్యిమీద పాలు పొంగిపోతూనే ఉంటాయి.

సంతకాలకి కాగితాలు బయట బల్ల మీద ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి గుట్ట కింద దర్గా దగ్గర కలుస్తున్నాం. పరుగెత్తలేనివాళ్లు నడవొచ్చు. నీళ్ల సీసా తెచ్చుకోండి, అరిగిపోయిన చెప్పులతో మాత్రం రావొద్దు.